తేనీటి రంగు చెప్పెడి సాక్ష్యము

తెలుగువారి యిండ్లలో టీ పొడి మంచిచెడ్డలను గూర్చిన తీర్పంతయు ‘రంగు దిగుట’ యను రెండు మాటలలో నిమిడియున్నది. కొత్త పొట్లము విప్పి, మరుగుచున్న నీటిలో రెండు చెంచాల పొడి వేసి, ఆవిరి మొగమునకు కొట్టుచుండగా గిన్నెలోనికి వంగి చూచినవారు, పరిమళమును గూర్చిగాని రుచిని గూర్చిగాని ఆలోచింపకముందే, “ఈసారి పొడి నయమే, రంగు బాగా దిగింది” అనియో, “ఎంత మరిగించినా రంగే దిగడం లేదు, ఆ కొట్లో మళ్లీ కొనొద్దు” అనియో తేల్చి చెప్పుదురు. పాలు పోసి పంచదార కలిపి త్రాగు దేశమున రుచిలోని సూక్ష్మభేదములు చాలవరకు ఆ రెంటిలోనే మునిగిపోవును గనుక, మిగిలిన ఆధారము రంగొక్కటే యగుట సహజము. ఆ తీర్పునందు శాస్త్రము లేకపోలేదు. కాని ఆ తీర్పునే నమ్ముకొని బ్రదుకువాడు మఱియొకడు కలడు: ఒకసారి మరిగించి పారవేసిన పిప్పిని పోగుచేసి, ఎండబెట్టి, రంగు పట్టించి, మరల పొట్లము కట్టువాడు. కొనువారి కన్ను దేనిని వెదకునో వాడెఱుగును. దానినే వాడు సమకూర్చును. కంటికి బదులు కెమెరాను, జ్ఞాపకమునకు బదులు గణితమును నిలిపినచో ఈ వ్యవహారమున ఎవరిది పైచేయి యగునో విచారించుటయే యీ యధ్యాయమున మన పని.

ముందుగా ఆ రంగు ఎక్కడినుండి వచ్చునో చూతము. చెట్టుననున్న తేయాకు పచ్చనిది. దాని కణములలో ఒకచోట కేటెచిన్లనబడు వర్ణహీనములైన పాలీఫినాళ్లును, వేఱొకచోట వానిని ఆక్సిజనుతో కలుపగల ఎంజైమును, ఒకే యింటి రెండు వాటాలలోనుండియు మాటలాడుకొనని దాయాదులవలె, సన్నని పొరల యడ్డుతో వేఱువేఱుగ నుండును. కోసిన ఆకును వాడ్చి నలిపినపుడు ఆ పొరలు తెగి, రెండును కలిసి, గాలిలోని ఆక్సిజను తోడు కాగా, పచ్చదనము రాగి రంగునకును, రాగి రంగు క్రమముగా కపిలవర్ణమునకును తిరుగును. తోటలవారు దీనిని కిణ్వనమందురు గాని, కల్లు పులియుటలో వలె సూక్ష్మజీవుల పని యిందేమియు లేదు; తరిగిన వంకాయ ముక్క గాలి సోకి నల్లబడుట యెట్టిదో యిదియు నట్టిదే. 1930లో అస్సాములోని అంగూరి తోటయందు విలియం మెక్కెర్చర్ రూపొందించిన సి.టి.సి. యంత్రము, పండ్లుగల రెండు ఉక్కు రోలర్ల నడుమ ఆకును నలిపి, చించి, చుట్టి, ఈ కలయికను మిక్కిలి త్వరితము గావించినది. నేడు మన వంటయిండ్లలోని గింజల టీ యంతయు ఆ యంత్రసంతానమే.

ఈ మార్పున పుట్టు వర్ణద్రవ్యములు ముఖ్యముగా రెండు తెగలవి: బంగారు పసుపు ఛాయగల థియాఫ్లావినులు, ఎఱుపు గోధుమ ఛాయగల థియారుబిజినులు. భారతీయ టీ సంఘమునకు పనిచేసిన రసాయనజ్ఞుడు ఇ.ఏ.హెచ్. రాబర్ట్స్ 1950వ దశకమున వీనిపై జరిపిన పరిశోధనల పిమ్మట, రుచిపరీక్షకులు తరతరములుగా వాడుచుండిన మెఱపు, చురుకు, చిక్కదనము అను మాటలకు రసాయనార్థము దొరకినది. మెఱపును, నాలుకపై చురుకును ఇచ్చునది మొదటి తెగ. చిక్కదనమును ఎఱుపును ఇచ్చునది రెండవది. మంచి టీలో మొదటిది ఒక పాలున్నచో రెండవది పదిపాళ్లుండుట మేలని వ్యాపారమున వాడుకలోనున్న లెక్క. ఆకును గాలికి మితిమీరి వదలినచో థియాఫ్లావినులు తఱిగిపోయి, రంగు చిక్కబడినను మెఱపు చచ్చును. అనగా గిన్నెలో మనము మెచ్చుకొనిన ముదురు రంగు, ఒక్కొక్కప్పుడు ఆకు పాడైనదనుటకే గుర్తు కావచ్చును. రంగు ఎంత దిగినదను ప్రశ్నకంటె ఎట్టి రంగు దిగినదను ప్రశ్న ముఖ్యమని యిక్కడనే తేలుచున్నది; మనము అడుగునది మొదటిది, ఆకు చెప్పగలిగినది రెండవది.

రెండవ ప్రశ్నను అడుగనేర్చినవాడు రుచిపరీక్షకుడు. వాని బల్ల చూడదగినది. తెల్లని పింగాణి పాత్రలు మూతలతో బారులుగ నుండును. ఒక్కొక్కదాని ముందు ఆ టీ యెండుపొడి చిన్న డబ్బాలో నుండును. ఐ.ఎస్.ఓ. 3103 అను అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, నూఱు మిల్లీలీటర్ల నీటికి రెండు గ్రాముల చొప్పున ఆకు వేసి, అప్పుడే మరిగిన నీరు పోసి, మూతపెట్టి, సరిగ ఆఱు నిమిషములు ఉంచి, తేనీటిని తెల్లని గిన్నెలోనికి వంచి, పిప్పిని బోర్లించిన మూతపైకి దులుపవలెను. దీనికి సరియగు బ్రిటిషు ప్రమాణము ఆఱు పుటలది. ఒక్క కప్పు టీ కాచుటకు ఆఱు పుటలా యని నవ్విన వారు 1999లో దానికి ‘ఇగ్ నోబెల్’ అను పరిహాస బహుమానము నిచ్చిరి. నవ్వినవారు నవ్వవచ్చును గాని, నీరు, కాలము, పాత్ర కుదురనిచోట ఏ కొలతయు కొలత కాదని ముందు ముందు మనకే తెలియగలదు. పరీక్షకుడు ఎండుపొడిని చూచును, పిప్పిని చూచును, తేనీటిని చూచును. ఆ పిమ్మటనే చెంచాతో చప్పున జుఱ్ఱి, నోటిలో త్రిప్పి, ఉమిసివేయును. మూతపైని పిప్పి, చింతపండుతో తోమి అప్పుడే బోర్లించిన రాగిచెంబు రంగున మెఱయుచున్నచో వాని మొగము వికసించును; తోమక విడిచిన చెంబు రంగున నున్నచో, రుచి చూడకముందే వాని తీర్పు సగము ముగిసినదన్నమాట.

అట్టి కన్నును తక్కువ చేయుట నా యుద్దేశము గాదు. ఐనను కన్ను మనుష్యునిది. తెల్లని గోడ సాయంకాలపు టెండలో పచ్చబడినను అది మనకు తెల్లగానే తోచును, ఏలయన వెలుతురునకు తగినట్లు కన్ను తన్ను తాను సర్దుకొనును. ప్రక్క గిన్నెలో నల్లని తేనీరున్నచో ఈ గిన్నెలోనిది ఉన్నదానికంటె తేటగ కనిపించును. మూడువందల గిన్నెల పిమ్మటి చూపు మూడవ గిన్నెనాటి చూపు గాదు. అన్నిటికంటె పెద్ద చిక్కు జ్ఞాపకము: నిరుడు ఇదే తోటనుండి యిదే మాసమున వచ్చిన టీ రంగెట్టిదో నేటి రంగు ప్రక్కన నిలిపి చూపుట యెవరి తరము? కలకత్తాలో తొలి టీ వేలము 1861 డిసెంబరు 27న జరిగిన కాలమున అమ్మువాడు, కొనువాడు, రుచిచూచువాడు ఒకే గదిలో నుండిరి. నేడు వేలము కంప్యూటరు తెరపై జరుగుచున్నది. ‘మెఱపుగలది’ అను మాట ఊరు దాటునపుడు అర్థము మార్చుకొనును, సంఖ్య మార్చుకొనదు. కెమెరాకు ఈ రంగమున పిలుపు వచ్చుటకు కారణమిదియే.

ఐతే కెమెరా యిచ్చు సంఖ్య యెట్టిది? బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు 1969లో కల్పించిన సి.సి.డి.తో వెలుతురు విద్యుత్తుగ మారి లెక్కకు చిక్కినది గాని, ఆ సిలికాను పలకకు వెలుతురు ఎంతయో తెలియునే కాని రంగు తెలియదు. కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ దానిపై చదరంగపు గళ్లవలె రంగుల జల్లెడ పఱచుపద్ధతికి 1976లో పేటెంటు పొందెను: సగము గళ్లకు ఆకుపచ్చ, నాల్గవ వంతునకు ఎఱుపు, నాల్గవ వంతునకు నీలము. కావున ఒక్కొక్క గడి ఒక్క రంగునే నిజముగ కొలుచును. తక్కిన రెండును ఇరుగుపొరుగు గళ్లను చూచి యూహింపబడినవి. మనము నమ్మకముగ చూచు రంగు ఛాయాచిత్రమున మూడింట రెండు వంతులు ఊహయే యనుట చాలమందికి వింతగ నుండును. తుదకు ప్రతి చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు, ఏర్పడును. ఈ మూటి కూర్పుల మొత్తము 1,67,77,216. ఇన్ని రంగులలో తేనీటి రంగులన్నియు ఒక మూలలో, తేనెనుండి ఇటుకపొడివఱకు గల చిన్న పేటలో, ఇఱుకుగ కాపురముండును.

ఇందు చేతిఫోను కెమెరా మఱింత ప్రమాదకరము, ఏలయన అది వందిమాగధుల జాతికి చెందినది. ప్రభువు మొగము వెలవెలబోయినను చంద్రబింబమని పాడుట వారి వృత్తి. తెలుపు తెల్లగను, పచ్చ పచ్చగను, ప్రతి చిత్రము కంటికి ఇంపుగను కనబడునట్లు తనంత తానే సర్దుట దీని వృత్తి. తేనీటి మంకుదనమును సైతము మెఱపుగ మార్చి చూపు యంత్రముతో తేనీటిని తూచబూనుట, వ్రేలితో త్రాసును నొక్కుచు బంగారము తూచుట వంటిది. కాబట్టి పరిశోధకుడు మొదట చేయు పని యీ సర్దుబాట్లనన్నిటిని కట్టివేయుట. పిమ్మట నలువైపుల తెల్లని గోడలుగల పెట్టె చేసి, లోపల నీడ పడనట్లు మెత్తని వెలుతురు నింపి, ప్రతి చిత్రమునందును రంగు ముందే తెలిసిన తెల్లని, బూడిదవన్నె పలకలనుంచి, వానితో పోల్చి తక్కినదంతయు దిద్దుకొనును.

ఒక గిన్నెను దగ్గఱగ చూతము. తెల్లని పింగాణిలో తేనీరు పోసి పైనుండి చూచినచో, అది ఒకే ద్రవమైనను ఒకే రంగున నుండదు: అంచున, లోతు వ్రేలిగోరంతయైన లేని చోట, బంగారు తీగవంటి వలయము, దానికి లోపల తేనె, ఇంకను లోపల నారింజ, నట్టనడుమ ముదురు ఎఱుపు. ద్రవమున వెలుతురు ఎంత దూరము నడచునో అంతంత మ్రింగబడునని బూగే, లాంబర్ట్ అనువారు 18వ శతాబ్దమునను, రంగు పదార్థము ఎంత చిక్కనో అంత యెక్కువ మ్రింగునని బేర్ 1852లోను చెప్పిన నియమము ఇక్కడ గిన్నె యడుగున చిత్రించినట్లు కనబడును. నీలపు వెలుతురు తొలుత చచ్చును, పిమ్మట ఆకుపచ్చ. ఎఱుపు తుదివఱకు నిలుచును. పరీక్షకుడు గిన్నెను వంచి అంచునందలి బంగారు వలయమును వెదకుట, తెలిసియో తెలియకయో, పలుచని లోతున థియాఫ్లావినుల వాటాను చదువుటయే. కెమెరాకు మాత్రము ఎంత లోతున చూడవలెనో చెప్పనిచో, ఒకే టీకి నూఱు సమాధానములు చెప్పును. అందుచే ప్రయోగశాలలో గిన్నెకు బదులు సమతలపు గాజుపాత్రను, లోతు మిల్లీమీటర్లలో నిర్ణయించి, వాడుటయే మేలు.

చిత్రమున పడునది టీ యొక్కటే కాదు, నీరును పడును. సున్నపు లవణములుగల బోరునీటిలో కాచిన టీ నల్లగ, మంకుగ నుండి పైన తెట్టె కట్టును. మెత్తని నీటిలో అదే పొడి తేటగ వెలుగును. నిమ్మకాయ పిండగానే ముదురు రంగు ఇట్టే విరిగి పసుపు వన్నెకు దిగుట అందఱు చూచినదే. ఆమ్లము సోకినపుడు థియారుబిజినుల రంగు పలుచబడుటయే అందులకు హేతువు. ఇక చల్లారిన మంచి టీ మంచు కమ్మినట్లు మసకబారును. కెఫీనును ఈ వర్ణద్రవ్యములును చల్లదనమున ముద్దకట్టుట వలన గలుగు ఈ మీగడను పరీక్షకుడు సద్గుణముగ నెంచును. తెలియని యంత్రము కలుషితమని కొట్టివేయును. ఏమఱిన పదినిమిషములు చాలును, సుగుణము దోషమగుటకు. ఆఱు పుటల ప్రమాణమును నవ్వరాదంటినిగదా!

మూడు సంఖ్యలు చేతికి వచ్చిన పిమ్మట వానిని మనుష్యదృష్టికి దగ్గఱగు భాషలోనికి మార్చవలెను. వర్ణశాస్త్రమున 1976లో స్థిరపడిన పద్ధతిలో ఒకటి వెలుతురు పాళ్లను, ఒకటి ఆకుపచ్చనుండి ఎఱుపునకు నడకను, ఒకటి నీలమునుండి పసుపునకు నడకను చెప్పును. రెండు రంగుల నడుమ దూరము సుమారు ఒకటైనచో శ్రద్ధగ చూచు కన్ను ఆ భేదమును పోల్చుకొనుట కష్టము. పరీక్షకుని ‘మెఱపు’ ఈ భాషలో వెలుతురును పసుపును పెరుగుట. ‘మంకు’ అనగా ఆ రెండును పడిపోవుట.

ఎండుపొడి కథ వేఱు. అందు రంగుకంటె రూపము మాటలాడును. తెల్లకాగితముపై చిటికెడు డస్టు చల్లి చిత్రము తీసినచో, కంప్యూటరు ముందుగ గింజ యేది, కాగితమేది యని విడదీయవలెను. వెలుగు చీకట్ల లెక్కలనుండి ఆ సరిహద్దును తానే కనుగొను సులభోపాయమును జపానుకు చెందిన నొబుయుకి ఓట్సు 1979లో చెప్పెను. పిమ్మట ఒక్కొక్క గింజ పొడవు, వెడల్పు, గుండ్రదనము కొలిచి గ్రేడు తేల్చుట కష్టముకాదు. గింజల కుప్ప నునుపో గరుకో తెలిసికొనుటకు, ఒక చుక్క ప్రక్కన ఎట్టి చుక్క కూర్చున్నదను జంటల పట్టికను రాబర్ట్ హరాలిక్ తన తోడివారితో 1973లో ప్రతిపాదించెను. పొడిని వ్రేళ్ల నడుమ నలిపి చూచు వర్తకుని స్పర్శకు ఆ పట్టిక గణితానువాదమనవచ్చును. నల్లని గింజల నడుమ ఎఱ్ఱని కాడముక్కలు, నారపోగులు ఎన్నియో లెక్కించుట దీనికి చిటికెలో పని. ఇదేదో దూరపు విద్య యనుకొనరాదు. మన మిల్లులలో ‘సార్టెక్స్ బియ్యము’ అని యంత్రము పేరనే అమ్ముడుపోవు బియ్యమున, జలజల రాలుచున్న గింజలలో నల్లగింజను కెమెరా పసికట్టి, గాలి పిచికారితో ప్రక్కకు నెట్టివేయుచున్నది. టీ కర్మాగారములలో కాడలను ఏఱు యంత్రములు ఆ జాతివే.

కర్మాగారమున కెమెరాకు మఱియొక కొలువు కిణ్వనశాలలో గలదు. పఱచిన ఆకు పచ్చనుండి రాగికి తిరుగు ఘడియను పట్టుకొనుట తోటపనిలో మిక్కిలి సున్నితమైనది. కొన్ని నిమిషముల ఆలస్యమునకు ఆ రోజు టీ యంతయు మూల్యము చెల్లించును. అస్సాములోని తేజ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003 ప్రాంతమున ఈ రంగుమార్పును చిత్రములనుండి చదువుటకు పూనిరి. కలకత్తాలోని సి-డాక్ సంస్థ టీ వాసనను పసిగట్టు ఎలక్ట్రానిక్ ముక్కును, రంగును కొలుచు ఎలక్ట్రానిక్ కన్నును రూపొందించినది. కన్నును ముక్కును జతపఱచుట నాకు మిక్కిలి వివేకముగ తోచుచున్నది, ఏలయన అనుభవజ్ఞుడగు తోటమేస్త్రి ఆకును చూచి ఊరకుండడు, గుప్పెడు తీసి వాసన చూచును.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక టీ చిత్రమునుండి పది యిరువది సంఖ్యలు వచ్చినవనుకొందము. ఇది ఫలానా జాతిదా, కాదా యని చెప్పుట యెట్లు? ఒక్కొక్క సంఖ్యను విడిగ పోల్చినచో మోసపోవుదుము, ఏలయన అవి యొకదానిపై నొకటి ఆధారపడి కదలును: రంగు ముదిరినచో వెలుతురు తఱుగుట సహజమే గదా. ఈ యన్యోన్యతను లెక్కలోనికి తీసికొని రెండు గుంపుల నడుమ దూరమును కొలుచు సూత్రమును కలకత్తాలో పి.సి. మహలనోబిస్ 1936లో ప్రకటించెను. ఆయన కొలిచినది టీని కాదు, మనుష్యుల దేహప్రమాణములను. ఆయన స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థకు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి 1941లో వచ్చి చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణ రావు, కొంతకాలమునకు కేంబ్రిడ్జికి పోయి, సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన ప్రాచీనుల అస్థికలను కొలుచుచు, రెండు గుంపుల విషయమున సాంఖ్యకవేత్త ఫిషర్ చెప్పిన వివేచనపద్ధతిని అనేకములగు గుంపులకు విస్తరించి 1948లో వ్రాసెను. పుఱ్ఱెలను గుంపులుగ విడదీసిన ఆ గణితమే నేడు టీ గింజలను విడదీయుచున్నది. కంప్యూటరు ముందు కూర్చుండి ‘ఈ నమూనా అసలుకు ఎంత దూరమున నున్నది’ యని మీట నొక్కు విద్యార్థులలో ఎందఱు నూజివీడులోను, నందిగామలోను బడికి పోయిన ఆ బాలుని దలతురో!

2012 తరువాత ప్రబలిన గాఢ నాడీజాలములు ఈ సంఖ్యలనేరుకొను శ్రమయు మనకు లేకుండ జేసినవి. వేలకొలది చిత్రములను చూపి, ఇది అసలు, ఇది నకిలీ యని చెప్పిన చాలును, భేదమును అవియే నేర్చుకొనును. నేర్చుకొనునది యేమో మాత్రము చెప్పవు. అసలు టీ చిత్రములన్నియు ఒక దీపము క్రిందను, నకిలీ చిత్రములన్నియు వేఱొక దీపము క్రిందను తీసినచో, ఆ జాలము దీపములను నేర్చుకొని నూటికి తొంబదితొమ్మిది పాళ్లు సరిగ చెప్పి మనలను మురిపించును. అట్టి అంకెను చూచినపుడు, చిత్రములెక్కడ, ఎవరు, ఎన్ని దినములు తీసిరని యడుగుట నాకలవాటైనది.

ప్రామాణ్యమనగా ఊరుపేరు సైతము కావచ్చును. డార్జిలింగు టీ 2004లో మన దేశమున మొట్టమొదటి భౌగోళిక గుర్తింపును పొందినది. 87 తోటలకే ఆ పేరు చెల్లును, వాని పంట యేటా పదివేల టన్నులకు లోపే. సరిహద్దునకు ఆవల నేపాలు కొండలపై అదే గాలిలో, అదే మంచులో పెరిగిన ఆకును ఈవల ఆకునుండి రంగుచేతనో రూపముచేతనో విడదీయుమని కెమెరానడుగుట న్యాయము గాదు. నేల యిచ్చిన మూలకముల జాడను, ఐసోటోపుల నిష్పత్తిని వెదకు ఇతర యంత్రములపని యది.

నకిలీని దృశ్యముచే పట్టుకొనుట మాత్రము కెమెరాకంటె పాతవిద్య. లండనులో 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ ఆహారకల్తీపై గ్రంథము వ్రాసి టీలోని మోసములను బయటపెట్టెను. 1850వ దశకారంభమున ఆర్థర్ హిల్ హాసల్ సూక్ష్మదర్శినిని బజారు సరకులపైకి త్రిప్పి, రంపపుపండ్ల యంచును, అంచును చేరకమున్నే వంగి ఒకదానితోనొకటి కలియు ఈనెలను చూచి, ఏది తేయాకో ఏది దారిప్రక్క చెట్టు ఆకో బొమ్మలు వేసి చూపెను. సి.టి.సి. యంత్రము ఆ యంచులను ఈనెలను నలిపివేసినది గనుక, గింజ టీలో మిగిలినవి ఆకులోని నక్షత్రాకారపు రాతికణముల వంటి చిన్న గుర్తులే. ఆ కాలముననే చైనా లోపలికి పోయిన రాబర్ట్ ఫార్చ్యూన్, ఎగుమతికి సిద్ధమగు పచ్చటీకి ప్రష్యను నీలమును, జిప్సమును పట్టించుట కన్నులార చూచెను. ఆ పని చేయువారు తాము అట్టి టీని త్రాగరు. పరదేశులకు ఆ రంగే యిష్టమట, అందుచే వేయుదురట! కల్తీదారుని శాస్త్రమంతయు ఈ యొక్క జవాబులోనున్నది. వాడు టీని అనుకరింపడు; మన కంటి కోరికను అనుకరించును.

ఇక్కడనే కెమెరా గర్వము భంగపడును. మన కన్ను మూడు రకముల గ్రాహకములతో చూచును; కెమెరా మన కంటినే యాదర్శముగ గొని మూడు జల్లెడలతో చూచును. వెలుతురులోని తరంగములు వేఱైనను మూటి మొత్తములు సరిపోయినచో ఇద్దఱకు అవి యొకే రంగు. సన్‌సెట్ యెల్లో, టార్ట్రజిను, కార్మోయిసిను వంటి కృత్రిమవర్ణములను పాళ్లు కుదిర్చి కలిపినవాడు మన కన్నును వంచింపగలిగెనా, మన కంటికి ప్రతిబింబమైన కెమెరాను అదే దెబ్బతో వంచించినవాడే. మన దేశపు నియమముల ప్రకారము టీలో ఏ రంగును కలుపరాదు. నీటిలో కరుగు సారము నూటికి 32 పాళ్లకు తగ్గరాదు. వాడిన పిప్పిలో రంగు మరల రావచ్చును గాని సారము రాదు. ఆ సారమును తూచుటకు ప్రయోగశాల కావలెను, ఛాయాచిత్రము చాలదు. చూపుతోనే తేల్చవలెనన్నచో మూడు జల్లెడలకు బదులు వందలకొలది సన్నని వర్ణపట్టీలలో, కంటికి కానరాని పరారుణము వఱకు, ప్రతి గింజను చదువు వర్ణపట కెమెరాలు కలవు. అవి వేఱ్వేఱు పదార్థముల సంతకములను విడదీయగలవు. వాని వెల మాత్రము కిరాణా కొట్టు మెట్టెక్కునట్టిది కాదు.

ఐతే సామాన్యపు కెమెరాకును ఒక అస్త్రము మిగిలియున్నది, అది కాలము. కల్తీదారుడు రంగును సరిపెట్టగలడు గాని, రంగు దిగు వేగమును సరిపెట్టుట వానికి సులభము గాదు. నిజమైన టీ రంగు గింజ లోపల బంధింపబడియుండును. చన్నీటిలో అది తడిసి, ఉబ్బి, మెల్లమెల్లగ విడుచును. పైపూతగ పట్టించిన రంగునకు అంత యోపిక యుండదు. ఒక్క చిత్రమునకు బదులు క్షణమున కొకటి చొప్పున చిత్రములు తీసి, ప్రతి చిత్రమునుండి నీటి రంగును లెక్కగట్టి, గీతగ గీచినచో, ఒకటి కొండదారివలె మెల్లగ వంగును, ఒకటి మొదటనే నిటారుగ లేచి పిమ్మట చదునగును. సంఖ్య వేఱు వేఱు దీపముల క్రింద తప్పవచ్చును, గీత యాకారము అంత తేలికగ తప్పదు.

మొన్న ఒక సాయంకాలము దీనిని మా యింటి కిటికీగట్టుపై చేసి చూచితిని. రెండు గాజుగ్లాసుల నిండ చన్నీరు. వెనుక తెల్లని కాగితము. పుస్తకముల దొంతరకు ఆనించిన ఫోను. మొదటి గ్లాసులో ఎప్పటినుండియో నమ్మకముగ వాడుచున్న పొడి చిటికెడు, రెండవదానిలో ఒక సంతలో మిక్కిలి చౌకగ విడిగ కొన్న పొడి చిటికెడు. మొదటి గింజలు కొంతసేపు నీటిపై తేలి, ఒకటొకటిగ మునిగి, అడుగున నల్లని ఇసుకవలె నిలిచినవి. నీరు నీరుగనే యున్నది. రెండవ గ్లాసులో గింజ మునుగకముందే దానినుండి ఎఱ్ఱని దారము దిగినది. ప్రతి గింజకు ఒక దారము. దారములు అడుగును తాకి పొగవలె విప్పుకొని, రెండు నిమిషములకు క్రింది సగమంతయు ఇటుక రంగు. ఇంతలో ఊరినుండి వచ్చి హాలులో కూర్చున్న మా బావగారు లేచివచ్చి, కండ్లజోడు పైకి నెట్టుకొని రెండు గ్లాసులను పరిశీలించి, రెండవదానిపై వ్రేలు పెట్టి, “చన్నీళ్లలోనే ఇంత రంగు దిగిందే! ఇది ఏ కొట్లో కొన్నారు బావగారూ, నాకూ ఓ కిలో పట్టించండి” అనిరి. ఫోను అప్పటికి నాల్గవ నిమిషమును లెక్కించుచున్నది.